షికాగోలో చిన్న గదుల రాక్ కచేరీలు: కొత్తగా వెళ్లేవారికి ఒక పాత శ్రోత జవాబు

మీరు రాసినదాని సారాంశం ఇది. విజయవాడలో ఇంజనీరింగ్ పూర్తయింది, ఆగస్టులో ఎం.ఎస్. కోసం షికాగో వస్తున్నారు. నాలుగేళ్లుగా హాస్టల్ గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని స్వాన్స్, గాడ్‌స్పీడ్, టోర్టస్ లాంటి బ్యాండ్లను వింటున్నారు. స్నేహితుల్లో ఎవరికీ ఈ సంగీతం పట్టదు. ఇప్పుడు ఎదురుగా నిలబడి వినాలని ఉంది. ఒంటరిగా వెళ్లవచ్చా, చెవులు పోతాయన్న మాట నిజమా, చదువుకునేవాడి జేబుకు తూగుతుందా, అసలు రికార్డులోనే ఇంత బాగా వినిపిస్తుంటే అంత దూరం వెళ్లి నిలబడాల్సిన పని ఏముంది అని అడిగారు.

నేను 1999 ఆగస్టులో ఇదే ఊళ్లో, ఇదే చదువు కోసం దిగాను. మీకు ఇప్పుడు తెలిసినదాంట్లో పదో వంతు కూడా నాకప్పుడు తెలియదు. రాక్ అంటే నా దృష్టిలో హైదరాబాద్ కోఠిలో కొన్న నాలుగు క్యాసెట్లు. ఆ తరవాత పాతికేళ్లుగా సగటున నెలకు రెండు మూడు కచేరీలు వింటున్నాను. వాద్యం ఒక్కటీ రాదు. కేవలం శ్రోతను. అందుకని నా జవాబు గదిలో వెనక వరసనుంచి వస్తున్నదని గుర్తుంచుకోండి.

చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. అక్కడినుంచి మొదలుపెడతాను.

సినిమా పాట విషయంలో మనకు రికార్డే అసలు. వేదిక మీద పాడేవారు దానికి ఎంత దగ్గరగా పాడితే అంతగా చప్పట్లు కొడతాం. మీరు వింటున్న సంగీతంలో ఇది తలకిందులవుతుంది. స్వాన్స్ సంగతే తీసుకోండి. 1982లో న్యూయార్క్‌లో మైకేల్ జిరా మొదలుపెట్టిన బ్యాండు అది. 1997లో ఆపేశాడు, 2010లో కొత్తవాళ్లనూ పాతవాళ్లనూ కలిపి మళ్లీ కట్టాడు. ఈ రెండో జన్మలో వాళ్ల పద్ధతి ఏమిటంటే, కొత్త పాటను ముందు ఊరూరా వేదికల మీద వాయిస్తారు. వాయించేకొద్దీ అది సాగుతుంది. కొన్ని భాగాలు రాలిపోతాయి, కొన్ని మొలుస్తాయి. అలా నలిగాక స్టూడియోకు తీసుకెళతారు. రికార్డు మన చేతికి వచ్చేసరికి వేదిక మీద ఆ పాట ఇంకో ఆకారానికి మారిపోయి ఉంటుంది, లేదా దాన్ని వదిలేసి ఉంటారు. 2012 ఆల్బంలో 32 నిమిషాల పాట ఒకటి ఉంది కదా, మీరు బహుశా కంఠతా పట్టి ఉంటారు. అది ఆ పాటకు ఒక రోజున తీసిన ఫోటో. పెళ్లిచూపులకు ముందు పంపే ఫోటో లాంటిదే, అబద్ధం కాదు, అలాగని మనిషీ కాదు.

ఆ పర్యటనల్లో ఒక రాత్రి వాళ్లను విన్నాను. వేదిక మీద ఆరుగురు. జిరా చేయి పైకెత్తి దించినప్పుడల్లా ఆరుగురూ ఒకే కార్డ్‌ను, అంటే కలిపి మోగించే కొన్ని స్వరాలను, సమ్మెటతో కొట్టినట్లు కొడతారు. మళ్లీ చేయి, మళ్లీ దెబ్బ. మొదటి పది నిమిషాలు నేను మర్యాదగా విన్నాను. తరవాతి పది నిమిషాలు విసుగు, విసుగు ముదిరి కోపం. ‘ఇదేమన్నా సంగీతమా, నన్ను పరీక్షిస్తున్నారా’ అని బయటికి దారి వెతుక్కున్నాను కూడా. జనం నిండుగా ఉండి కదలలేకపోయాను. ప్యాంటు కాళ్లు గాలికి రెపరెపలాడినట్లు ఆడుతున్నాయి, గదిలో మాత్రం గాలి లేదు. అది బాస్ గిటారు పని. కాసేపటికి ఎక్కడో పైన, కప్పుకు దగ్గరగా, ఆడవాళ్లు బృందంగా పాడుతున్నట్లు వినిపించింది. ఎవరు పాడుతున్నారా అని వేదికంతా వెతికాను. ఆ ఆరుగురిలో ఎవరి నోరూ కదలడం లేదు.

మన ఇళ్లలో కర్ణాటక సంగీతం వినేవాళ్లు ఉంటే ఈ మాట వెంటనే అందుకుంటారు. తంబురలో మనం మీటేది పంచమమూ షడ్జాలూ మాత్రమే. శ్రుతి సరిగ్గా కలిస్తే ఎవరూ మీటని గాంధారం దానంతట అదే పలుకుతుంది. స్వయంభూ గాంధారం అంటారు దాన్ని. మా మేనత్త తంబుర శ్రుతి చేసుకుంటూ, ‘వినపడిందా, ఇప్పుడు వినపడిందా’ అని నన్ను అడుగుతూ ఉండేది. నాకు ఎప్పుడూ వినపడలేదు. వినపడిందని అబద్ధం చెప్పి ఆటలకు పరుగెత్తేవాణ్ని. ముప్పై ఏళ్ల తరవాత, ఆమె విని ఉంటే చెవులు మూసుకుని పారిపోయే మోతలో, అదే సూత్రం మీద, మొదటిసారి నాకు వినపడింది. ఒక తీగను మీటితే మూల స్వరంతో పాటు దాని మీద రెట్టింపు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యాల ఉపస్వరాలు పుడతాయి. మామూలు శబ్దంలో అవి మూల స్వరం చాటున దాగి ఉంటాయి. అదే కార్డ్‌ను చాలాసేపు, చాలా గట్టిగా, చాలా గిటార్లతో మోగిస్తే ఆ చాటునున్నవి ఒకదాన్నొకటి తాకి బయటికి వస్తాయి. గది గోడలు వాటిలో కొన్నింటిని పెంచుతాయి, కొన్నింటిని మింగేస్తాయి. మీరు రెండడుగులు పక్కకు జరిగితే పాట మారిపోతుంది. హెడ్‌ఫోన్లలో ఇది జరగదు. అక్కడ గది లేదు.

ఇది ఎవరో మోతగాళ్లకు తోచిన ఆకతాయి పని అనుకోకండి. న్యూయార్క్‌లో గ్లెన్ బ్రాంకా అనే స్వరకర్త ఉండేవాడు, 2018లో పోయాడు. ఎలక్ట్రిక్ గిటార్లతో సింఫనీలు రాశాడు. 1983 నాటి మూడో సింఫనీని ఏకంగా ఈ ఉపస్వరాల శ్రేణి మీదే, అందులోని మొదటి 127 అంతరాల మీద కట్టాడు. 2001 జూన్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ పాదాల దగ్గర 100 గిటార్లతో పదమూడో సింఫనీ వినిపించాడు. ఆ భవనాలకు అప్పటికి ఇంకా మూడు నెలల ఆయువే ఉంది. బ్రాంకా బృందంలో గిటారు వాయించిన కుర్రాళ్లలో ఇద్దరు, థర్స్‌టన్ మూర్, లీ రనాల్డో. ఆ ఇద్దరూ కిమ్ గోర్డన్‌తో కలిసి నడిపినదే సోనిక్ యూత్.

సోనిక్ యూత్‌ను నేను చూసినప్పుడు నా కళ్లు పాటల మీద కన్నా గిటార్ల మీదే ఉన్నాయి. పాట పాటకూ గిటారు మారేది. పక్కన ఒక మనిషి బరువులు మోసే కూలీలా అందిస్తూనే ఉండేవాడు. కారణం, ఒక్కో గిటారును ఒక్కో పాటకు పనికొచ్చేలా వింత వింత శ్రుతుల్లో కట్టుకుని ఉంచుకునేవాళ్లు. తీగల కింద డ్రమ్ కర్రలు, స్క్రూడ్రైవర్లు దూర్చి వాయించేవాళ్లు. 1999 జులైలో, నేను విమానం ఎక్కడానికి కొద్ది వారాల ముందు, కాలిఫోర్నియాలో వాళ్ల సామాను ఉన్న ట్రక్కు మొత్తం దొంగలు ఎత్తుకుపోయారు. వేరే బ్యాండైతే మర్నాడు దుకాణానికి వెళ్లి కొత్తవి కొనుక్కునేది. వీళ్లకు గిటార్లతో పాటు కొన్ని పాటలూ పోయాయి, ఎందుకంటే ఆ పాట ఉన్నది కాగితం మీద కాదు, అరిగిపోయిన ఆ ఫలానా చెక్కలో, ఆ తీగల్లో. రికార్డుకూ కచేరీకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ దొంగతనం కథే చెబుతుంటాను.

మోత గురించి ఇంత చెప్పాక ఒక మాట. ప్రయోగం అంటే చెవులు బద్దలు కొట్టడం ఒక్కటే అన్న అపోహ కొత్తవాళ్లలో ఉంటుంది. మా ఊరి టోర్టస్‌ను వినండి, పోతుంది. వేదిక ముందు భాగంలో రెండు డ్రమ్ సెట్లు ఎదురెదురుగా ఉంటాయి. ఇద్దరు డ్రమ్మర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తారు, మన కచేరీలో మృదంగమూ ఘటమూ తని ఆవర్తనంలో ఎదురుబొదురుగా మాట్లాడుకున్నట్లు. పాట అయ్యాక లేచి వాద్యాలు మార్చుకుంటారు. ఇందాక డ్రమ్ములు వాయించినవాడు వైబ్రఫోన్ (కర్రలతో మోగించే లోహపు పలకల వాద్యం) దగ్గరకు, వైబ్రఫోన్ అతను బాస్ దగ్గరకు. మాటలు లేవు, అరుపులు లేవు. వాళ్లలో గిటారు వాయించే జెఫ్ పార్కర్ జాజ్ మనిషి కూడా. షికాగోలో 1965లో నల్లజాతి సంగీతకారులు పెట్టుకున్న ఏఏసీఎం అనే సంఘంలో సభ్యుడు. ఈ ఊళ్లో రాక్ వాళ్లూ జాజ్ వాళ్లూ ఒకే గదుల్లో వారం మార్చి వారం వాయించుకుంటూ పెరిగారు. అందుకే ఇక్కడి ప్రయోగాల్లో లెక్క తూకంగా ఉంటుంది. ఇది నా ఊరి పక్షపాతం కావచ్చు.

గాడ్‌స్పీడ్ యూ! బ్లాక్ ఎంపరర్ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. మాంట్రియల్ బ్యాండు, 1994లో మొదలు, 2003లో మౌనంలోకి వెళ్లి 2010లో తిరిగి వచ్చారు. తిరిగొచ్చాకే నేను చూడగలిగాను. మొదట వేదిక ఖాళీ. ఒక సన్నని శ్రుతి మోగుతూ ఉంటుంది. ఒకరు వచ్చి కూర్చుంటారు, తరవాత ఇంకొకరు. వచ్చినవాళ్లు వచ్చినట్లే ఆ శ్రుతిలో చేరతారు. కచేరీ ఎప్పుడు మొదలైందో చెప్పలేం. గిటారు వాళ్లు కుర్చీల్లో, మనవైపు కాకుండా ఒకరివైపు ఒకరు తిరిగి కూర్చుంటారు. జనంతో ఒక్క మాట మాట్లాడరు. వెనక తెర మీద 16 ఎం.ఎం. ఫిలిం బొమ్మలు వస్తుంటాయి. గోళ్లతో గీకినట్లు ‘ఆశ’ అన్న ఇంగ్లీషు మాట వణుకుతూ కనబడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చినది వేదిక మీద లేదు. హాలు వెనక ఒక బల్ల మీద పాతకాలపు ప్రొజెక్టర్లు వరసగా పెట్టి ఉంటాయి. పక్కనే కడ్డీకి ఫిలిం చుట్టలు, ఇంట్లో దండెం మీద ఆరేసిన రిబ్బన్లలా వేలాడుతుంటాయి. ఒక మనిషి ఒక చుట్ట తీసి ఎక్కించి, ఇంకోటి దించి, వేలితో దీపాన్ని మూసి తెరిచి, వాళ్లతో సమానంగా వాయిస్తుంటాడు. మా చిన్నప్పుడు టూరింగ్ టాకీస్‌లో రీలు తెగినప్పుడు వెనక్కి తిరిగి చూసేవాళ్లం గుర్తుందా అని ఇక్కడ నా వయసువాళ్లను అడిగితే తెలుగువాళ్లందరూ నవ్వుతారు. ఈ బ్యాండు కచేరీకి వెళితే ఒక్కసారైనా వెనక్కి తిరగండి.

వాళ్ల మొదటి ఎల్పీ రికార్డు చివర్లో సూది ఒకే గాడిలో చిక్కుకుని, మనం వెళ్లి తీసేదాకా తిరుగుతూనే ఉంటుంది. మీరు వింటున్న ఫైల్లో అది ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. ఆగకూడదన్నదే వాళ్ల ఉద్దేశం.

ఇక మా స్టీవ్ అల్బీనీ. నిర్వాణా బ్యాండు 1993 ఆల్బంను రికార్డు చేసిన మనిషిగా ప్రపంచానికి తెలుసు. 1997నుంచి షికాగోలో ఎలక్ట్రికల్ ఆడియో అనే సొంత స్టూడియో నడిపాడు. తనను నిర్మాత అంటే ఒప్పుకునేవాడు కాదు, ‘రికార్డు చేసినవాడు’ అని రాయమనేవాడు, అమ్మకాల్లో వాటా తీసుకునేవాడు కాదు. బ్యాండు గదిలో ఎలా మోగుతుందో అలాగే పట్టుకోవడం తన పని అని నమ్మాడు కాబట్టి గది మోతకు కూడా మైకులు పెట్టేవాడు. అతని సొంత బ్యాండు షెలాక్‌లో ముగ్గురే. డ్రమ్ములు మూలన కాదు, వేదిక నడుమన ముందుకు ఉంటాయి. అల్బీనీ గిటారు పట్టీని భుజానికి కాకుండా నడుముకు కట్టుకునేవాడు. తీగలు శ్రుతి చేసుకునే ఖాళీలో బాస్ వాయించే బాబ్ వెస్టన్ మైకు దగ్గరకొచ్చి, ‘ఎవరికైనా ప్రశ్నలున్నాయా’ అని తరగతిలో మాస్టారిలా అడిగేవాడు. జనం అడిగేవాళ్లు, చాలావరకు చెత్త ప్రశ్నలు, వాళ్లు అంతకన్నా చెత్త జవాబులు చెప్పేవాళ్లు. తరవాతి క్షణంలో పాట రంపంలా కోసేది. 2024 మే 7న అల్బీనీ హఠాత్తుగా చనిపోయాడు, 61 ఏళ్లు. షెలాక్ కొత్త ఆల్బం సరిగ్గా పది రోజులకు, ముందే అనుకున్న తేదీన వచ్చింది. దాన్ని ఇంట్లో విన్నాను. చాలా మంచి రికార్డు. పాటల మధ్య ఖాళీల్లో మాత్రం నా చెవి ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

చెవుల సంగతి. ఇక్కడ వేళాకోళం లేదు. నాకు ఇరవై ఏడో ఏట, పేరు చెప్పని ఒక బ్యాండు కచేరీలో, దూది కూడా పెట్టుకోకుండా స్పీకరు ముందు నిలబడ్డాను. మగతనం అనుకున్నాను. మూడు రోజులు చెవుల్లో ప్రెషర్ కుక్కర్ విజిలు ఆగలేదు. కుడి చెవిలో ఆ సన్నని కూత ఇప్పటికీ ఉంది, రాత్రి ఇల్లు సద్దుమణిగాక వినపడుతుంది. అమెరికాలో పనిచేసేచోట చెవుల రక్షణకు పాటించమనే లెక్క ఇది: 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర మీకున్నది 15 నిమిషాలు. రాక్ కచేరీ ఆ అంకెను అలవోకగా దాటుతుంది, గంటన్నర సాగుతుంది. మై బ్లడీ వాలంటైన్ అనే బ్యాండు 2008లో మళ్లీ పర్యటనకు బయల్దేరినప్పుడు గుమ్మం దగ్గరే ఇయర్ ప్లగ్గులు పంచారు. వాయించేవాళ్లే ముందుగా చేతిలో పెడుతున్నారంటే అర్థం చేసుకోండి. చివరి పాట మధ్యలో ఒకే మోతను పావుగంటకు పైగా నిలబెట్టేవాళ్లు, విమానం ఇంజను పక్కన నిలుచున్నట్లే. ఆ మోత లోపల కూడా లేని రాగాలు వినిపిస్తాయి, ఇందాకటి గాంధారం కథే.

మందుల దుకాణంలో దొరికే మెత్తని నురుగు ప్లగ్గులు చెవిని కాపాడతాయి, కానీ పై స్వరాలన్నీ కోసేసి సంగీతాన్ని దుప్పటి కప్పినట్లు చేస్తాయి. సంగీతకారుల కోసం చేసిన రబ్బరు ప్లగ్గులు ఉంటాయి, అన్ని స్వరాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. ఒక సినిమా టికెట్టు, పాప్‌కార్న్ ఖర్చులో వచ్చేస్తాయి. తాళంచెవుల గుత్తికి తగిలించుకోండి. ప్లగ్గులు పెడితే అనుభవం తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అక్కడ సగం సంగీతం చెవిలోకి రాదు, పక్కటెముకల్లోకి వస్తుంది. మా పల్లెలో అమ్మవారి జాతరకు డప్పులు దగ్గరకొచ్చినప్పుడు గుండె దాని లెక్క మరిచి వాటి లెక్కలో కొట్టుకునేది, అలాగ. దానికి ప్లగ్గు అడ్డం కాదు.

నిలబడే చోటు ముఖ్యం. కొత్తవాళ్లు వేదికకు ఆనుకుని నిలబడతారు. అక్కడ మీకు గిటారు వాడి ఆంప్లిఫైయర్, డ్రమ్ములు వినపడతాయి, గొంతు వినపడదు. హాలు వెనక భాగంలో సౌండ్ ఇంజనీరు మిక్సర్ ముందు నిలబడి ఉంటాడు. అతను ఏది వింటూ సర్దుతున్నాడో అది వినాలంటే అతని భుజం ముందు నిలబడండి. ఖాళీ గదిలో గోడలకు కొట్టుకుని గలగలలాడిన శబ్దం, జనం నిండేసరికి మనుషుల ఒంటికీ, చలికాలం కోట్లకూ ఇంకి మెత్తబడుతుంది. షికాగో జనవరి కచేరీలు ఆగస్టు వాటికన్నా బాగా మోగుతాయని నా మూఢనమ్మకం.

ఒంటరిగా వెళ్లవచ్చా అన్నారు. ఒంటరిగానే వెళ్లండి. తోడు తీసుకెళితే, ముఖ్యంగా ఈ సంగీతం పట్టనివాణ్ని తీసుకెళితే, మీరు వేదికను వదిలి అతని మొహం చూస్తూ గడుపుతారు. నేను ఒకసారి మా గదిలో ఉండే స్నేహితుణ్ని లాక్కెళ్లాను. నలభై నిమిషాలు ఓపిక పట్టి, ‘పాట ఎప్పుడు మొదలుపెడతారు’ అని అడిగాడు. మంచివాడు, ఇప్పటికీ స్నేహితుడే, మళ్లీ పిలవలేదు. ఇక్కడి గదుల్లో సగం మంది ఒంటరిగా వచ్చినవాళ్లే, చేతులు కట్టుకుని తల ఆడిస్తూ నిలబడతారు. మన రంగు మొహాలు ఒకటో రెండో ఉంటాయి. మొదట్లో అది నాకు ముల్లులా ఉండేది. తెలిసిన జనం మొహాలు నాలుగు అయ్యాక మరిచిపోయాను. ఇరవై ఏళ్లుగా తల ఊపి పలకరించుకుంటూ, పేర్లు మాత్రం తెలియని మనుషులు నాకు ఈ ఊళ్లో అరడజను మంది ఉన్నారు.

మొదట వాయించే బ్యాండును మాత్రం వదలకండి. టికెట్టు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేరు కోసం గంట ముందు వెళ్లడం దండగ అనిపిస్తుంది. నాకిష్టమైన బ్యాండ్లలో మూడో వంతు అలా, పదిహేను మంది కూడా లేని గదిలో, పేరు తెలియకుండా విన్నవే. అన్నీ బాగుంటాయని చెప్పను. పది రాత్రుల్లో నాలుగు చప్పగా గడుస్తాయి. ప్రయోగం పేరుతో అర్ధగంట గిటారును నేలకేసి రుద్ది చప్పట్ల కోసం చూసేవాళ్లు ఉన్నారు, వాళ్లకు చప్పట్లు కొట్టేవాళ్లూ ఉన్నారు. మీకు నచ్చకపోతే నచ్చలేదనుకోండి. అర్థం కాలేదేమో అని మీ తెలివిని మీరు అనుమానించుకోవద్దు.

జేబు విషయం తొందరగా చెబుతాను. పెద్ద హాల్లో ఒక టికెట్టు డబ్బుతో చిన్న గదుల్లో మూడు నాలుగు కచేరీలు వినవచ్చు. వెస్టర్న్ అవెన్యూలో ఎంప్టీ బాటిల్ ఉంది, 1992నుంచి నడుస్తోంది. సోమవారం రాత్రులు అక్కడ ఉచిత కచేరీలు పెట్టే ఆనవాయితీ ఎప్పటినుంచో ఉంది. నా సోమవారాలు చాలావరకు అక్కడే కరిగాయి. మంగళవారం పొద్దున ఆఫీసులో, రాత్రి గుమ్మం దగ్గర చేతి మీద వేసిన చెరగని ముద్ర చూసి మా మేనేజరు ఏమీ అడగకపోవడం ఆయన మంచితనం. ఈ ఊళ్లోనే పిల్సెన్ అనే పేటలో థాలియా హాల్ ఉంది, 1892లో చెక్ వలసదారులు కట్టుకున్న నాటకశాల, కాస్త పెద్ద బ్యాండ్లు అక్కడికి వస్తాయి. హైడౌట్ అనే చిన్న చోటు ఉంది, ఇల్లనుకుని దాటి వెళ్లిపోతారు, చూసుకోండి. రెడ్, బ్లూ లైన్ రైళ్లు రాత్రంతా తిరుగుతాయి కాబట్టి ఇంటికి చేరడం కష్టం కాదు. యూనియన్ పార్కులో 2006నుంచి జరుగుతూ వచ్చిన పిచ్‌ఫోర్క్ సంగీత ఉత్సవం 2024తో ఆగిపోయింది, మీకు అందదు. పెద్దగా బెంగపడకండి, ఆరుబయట ఈ సంగీతం గాలికి పోతుంది. టికెట్టులో మిగిల్చిన డబ్బుతో గుమ్మం పక్కన బల్ల మీద బ్యాండు వాళ్లు అమ్మే టీషర్టో రికార్డో కొనండి. వ్యాన్‌కు పెట్రోలు అక్కడినుంచే వస్తుంది.

ధర అంటే ఒక పేరు చెప్పకుండా ఉండలేను. వాషింగ్టన్ బ్యాండు ఫుగాజీ, 1987లో మొదలైంది. అన్ని వయసులవాళ్లనూ రానివ్వాలని, టికెట్టు 5 డాలర్ల దగ్గర ఉండాలని ఏళ్ల తరబడి పట్టుబట్టారు. జనంలో ఎవడైనా పక్కవాళ్లను తోసి కొడుతుంటే పాట ఆపి, పిలిచి, వాడి 5 డాలర్లు వాడికిచ్చి బయటికి పంపేవాళ్లు. నేను షికాగో వచ్చాక వాళ్లు ఈ ఊళ్లో వాయించారు. మర్నాడు పరీక్ష ఉందని వెళ్లలేదు. ఇంకోసారి వస్తారులే అనుకున్నాను. 2002 నవంబరులో లండన్‌లో వాయించాక మళ్లీ వేదిక ఎక్కలేదు. ఆ పరీక్షలో ఏం మార్కులొచ్చాయో కూడా గుర్తులేదు. 2011లో వాళ్లు తమ కచేరీల రికార్డింగులు వందలకొద్దీ ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు, అప్పట్లో ఒక్కోదానికి వాళ్లు సూచించిన ధర 5 డాలర్లే. రికార్డు ఫోటో మాత్రమేనని ఇంతసేపు మీకు ఉపన్యాసం ఇచ్చిన నేను, అర్ధరాత్రి కూర్చుని వాటిని వింటుంటాను. పాటల కన్నా పాటల మధ్య జనం దగ్గు, ఎవరో అరవడం, డ్రమ్మరు సర్దుకోవడం ఎక్కువ శ్రద్ధగా వింటాను.

చిట్టచివరిది, అన్నిటికన్నా ముందు చేయాల్సినది. ఇక్కడ చాలా చిన్న చోట్లు నిజానికి బార్లు కాబట్టి 21 ఏళ్లు నిండినవాళ్లనే రానిస్తాయి. మీకు 22 అంటున్నారు, సరిపోతుంది, కానీ గుమ్మంలో రుజువు అడుగుతారు. విశ్వవిద్యాలయం కార్డు చెల్లదు, ఫోనులో పాస్‌పోర్టు ఫోటో చెల్లదు. రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు కార్డు వచ్చేదాకా అసలు పాస్‌పోర్టు జేబులో ఉండాలి. నాకు ఇది ఎవరూ చెప్పలేదు. 1999 డిసెంబరులో మొదటిసారి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గరి మనిషి నా కాలేజీ కార్డును అటూ ఇటూ తిప్పి తల అడ్డంగా ఊపాడు. తప్పు అతనిది కాదు. బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది, మంచు పడుతోంది, గాలికి ఒదిగి ఆ భవనం పక్క సందులో గోడకు ఆనుకున్నాను. లోపల కచేరీ మొదలైంది. పాట వినపడలేదు, గొంతు అసలే లేదు. వీపుకు ఇటుకలు కొట్టుకుంటున్నాయి. చేతి తొడుగు తీసి అరచేయి గోడకు పెట్టాను. ఆ బస్సు వచ్చి వెళ్లిపోయింది, తరవాతిదీ వెళ్లిపోయింది. ఆ బ్యాండు పేరు నాకు ఇప్పటికీ తెలియదు.